‘అనుమతి’ అనాలా, ‘అధికారం’ అనాలా?

ప్రశ్న: కంప్యూటర్ వాడకం మీద తెలుగు చేతిపుస్తకంలో ఒక వాక్యం: “అడ్మిన్ కాని యూజర్లకు నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే అనుమతి ఇవ్వాలి.” సందర్భం విండోస్‌లోని నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ గ్రూపు, అంటే అడ్మిన్ కాకున్నా కొన్ని నెట్‌వర్క్ పనులు చేసుకోగల యూజర్ల జాబితా. ఇక్కడ ‘అనుమతి’ కుదురుతుందా?

మొదటి జవాబు: కుదరదండీ. అనుమతి అంటే అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు సరేననాలి. ఈ గ్రూపులో ఒకసారి చేర్చాక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా), గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి), డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చేది) మార్చడం, కనెక్షన్ ఆపి మళ్లీ ఆన్ చేయడం, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు తనంతట తానే పంచే ఏర్పాటు) ఇచ్చిన అడ్రస్ వదిలేసి కొత్తది తెచ్చుకోవడం యూజరే చేసుకుంటాడు. అది అధికారం.

ఈ తేడా పట్టించుకోకపోతే పని దగ్గరే దెబ్బ తింటాం. నెట్‌వర్క్ కనెక్షన్స్ విండోలో ప్రాపర్టీస్ నొక్కితే, గ్రూపులో ఉన్నవాళ్లకు కూడా పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది. లాగిన్ అయ్యేటప్పుడు యూఏసీ (పెద్ద మార్పులకు ముందు అడిగే విండోస్ రక్షణ) ఆ గ్రూపు అధికారాన్ని పక్కనపెట్టి మామూలు టోకెన్ (యూజర్ హక్కుల చీటీ) ఇస్తుంది మరి. అక్కడ కొట్టాల్సింది తన పేరు, తన పాస్‌వర్డే. పుస్తకంలో ‘అనుమతి’ అని చదివినవాడు మాత్రం అడ్మిన్ దగ్గరికి పరిగెత్తుతాడు, ఆయన విసిగి తన పాస్‌వర్డ్ చెప్పేస్తాడు. ఇక గ్రూపు ఉండి ఏం లాభం?

రెండో జవాబు: నిజమేనండీ. నాకైతే ‘నెట్‌వర్క్ సెట్టింగులు’ అన్నదీ అభ్యంతరమే, మరీ విశాలంగా ఉంది. కొత్త నెట్‌వర్క్ కార్డుకు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించడం ఈ గ్రూపు వల్ల కాదు. ‘ఐపీ సెట్టింగులు, కనెక్షన్ ఆన్, ఆఫ్’ అని విప్పి రాయండి.

చేర్చే పద్ధతి కూడా ఆ పక్కనే ఉండాలి.  అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ లోకల్‌గ్రూప్ అని కొట్టి, గ్రూపు పేరు, యూజర్ పేరు, చివర స్లాష్ యాడ్ ఇవ్వాలి. గ్రూపు పేరులో ఖాళీలున్నాయి కాబట్టి దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టకపోతే ఎర్రర్ వస్తుంది. వేరే భాషలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లో గ్రూపు పేరే మారవచ్చు. అలాంటిచోట పవర్‌షెల్‌లో (విండోస్‌లోనే ఉన్న మరో కమాండ్ విండో) ఎస్-1-5-32-556 అనే ఎస్‌ఐడీతో (ఏ భాషలోనైనా మారని గుర్తింపు సంఖ్య) చేర్చడం నయం. యూజర్ సైన్ అవుట్ అయి మళ్లీ వస్తేనే మార్పు పడుతుంది.

ప్రశ్న: లైనక్స్‌లోనూ ‘అధికారం’ అనే రాయనా?

మొదటి జవాబు: అక్కడ ‘అనుమతి’ బాగా అతుకుతుందండీ. నెట్‌వర్క్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ప్రతి పనికీ, ఎవరు ఏం చేయవచ్చో తేల్చే పోల్‌కిట్‌ని అడుగుతుంది. అది అవుననో, కాదనో, పాస్‌వర్డ్ కావాలనో చెబుతుంది.

రెండో జవాబు: విండోస్ దగ్గర ‘పరిమిత అధికారం’ అని రాసి వదిలేయకండి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) డీఎన్‌ఎస్ క్యాష్, నెట్‌బీటీ అనే నెట్‌వర్క్ సర్వీసుల కీల (విభాగాల) కింద సబ్‌కీలు సృష్టించే వీలు ఈ గ్రూపుకు ఉండేది. దాన్ని పట్టుకుని సిస్టమ్ స్థాయికి, అంటే మెషీన్ మీద పూర్తి అధికారానికి, ఎక్కగలిగే లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2025 జనవరి అప్‌డేట్‌లో సరిచేసింది. ఆ అప్‌డేట్ పడని మెషీన్లలో ఎవరినీ చేర్చవద్దని అదే పేజీలో రాయండి.