18 అంగుళాల చక్రాలు వేయించాను, గాలి ఎంత పెట్టాలి?

కొత్తచక్రం
నా కారుకు కంపెనీ ఇచ్చిన టైర్లు 205/55 ఆర్16. మూడు వారాల కిందట 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించి 225/40 ఆర్18 టైర్లు ఎక్కించాను. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద మామూలుగా అయితే నాలుగింటికీ 33 పీఎస్ఐ, మనుషులు, సామాను నిండా ఉంటే 36 అని ఉంది. బిగించినతను 33 పెట్టి పంపాడు. అప్పటి నుంచి చిన్న గుంతలో పడ్డా నడుముకు తెలుస్తోంది. అమ్మ వెనక సీట్లో కూర్చుంటుంది, ఆవిడకు ముందే నడుం నొప్పి. అందుకని 29కి దించాను. కాస్త మెత్తబడిందనే అనిపించింది. కానీ నిన్న రాత్రి కనిపించని గుంతలో ముందు ఎడమ చక్రం పడింది. పొద్దున చూస్తే టైరు పక్కభాగంలో బొటనవేలంత బుడగ లేచి ఉంది. ఇప్పుడు అసలు ఎంత పెట్టాలి? టైరు మీదేమో మ్యాక్స్ 50 అని రాసుంది.

టైర్లపని
అన్నా, గాలి సంగతి తర్వాత. ముందు ఆ టైరు మీద బండి నడపడం ఆపండి. స్టెప్నీ వేసుకోండి. బుడగ వచ్చిందంటే లోపలి దారాలు తెగిపోయాయి, పైనున్న రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోంది. అది ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. పంచర్‌లా దానికి ప్యాచ్ వేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే. చక్రం ఎలాగూ విప్పుతారు కాబట్టి రిమ్ము లోపలి అంచు కూడా తిప్పి చూపించుకోండి. బయటి వైపు బాగానే కనిపిస్తుంది, వంకర లోపలి వైపు ఉంటుంది.

అలా ఎందుకైందంటే, మీ పాత టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 113 మిల్లీమీటర్లు (205 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం). కొత్తదానికి 90. గుంత దెబ్బకు రబ్బరు నొక్కుకుపోయి రిమ్ముకు, గుంత అంచుకు మధ్య నలగకుండా కాపాడేది ఆ ఎత్తు, లోపలి గాలి. ఎత్తు ఎలాగూ తగ్గింది, మీరు గాలి కూడా తగ్గించారు. మా దగ్గరకు వచ్చే బుడగ టైర్లలో చాలావరకు ఇలాంటివే. నిందించడానికి చెప్పడం లేదు. అమ్మ కోసం చేశారు, అర్థమవుతుంది.

లెక్కలమాస్టారు
టైరు సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి చూడండి. పాతదానికి, కొత్తదానికి రెండింటికీ చెప్పండి. ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసేలా గట్టిగా చేసిన రకం) అని ఎక్కడైనా ఉందా?

కొత్తచక్రం
టైరు మార్చడానికి ఇచ్చేశాను. పాతది 91వీ. కొత్తది 92వై, పక్కన ఎక్స్‌ఎల్ అని ఉంది మాస్టారూ. 91 కన్నా 92 ఎక్కువే కదా, మరి 33 సరిపోదా?

లెక్కలమాస్టారు
అందరూ పొరబడేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. అక్షరం వేగానికి సంబంధించింది, అంకె బరువుకు. 91 అంటే టైరు 615 కిలోలు మోస్తుంది. 92 అంటే 630. కానీ ఆ బరువు ఎంత గాలి దగ్గర అనేది రెండింటికీ ఒకటి కాదు. యూరప్ ప్రమాణంలో మామూలు టైరు తన పూర్తి బరువును 2.5 బార్ దగ్గర మోస్తుంది, అంటే 36 పీఎస్ఐ. ఎక్స్‌ఎల్ టైరుకు అదే పని చేయడానికి 2.9 బార్ కావాలి, అంటే 42.

గాలి తగ్గేకొద్దీ మోసే బరువు కూడా తగ్గుతుంది. పెట్టిన గాలిని ఆ పూర్తి గాలితో (36 లేదా 42) భాగించి, వచ్చిన నిష్పత్తిని 0.8 ఘాతానికి హెచ్చిస్తే పూర్తి బరువులో ఎంత భాగం మోస్తుందో తెలుస్తుంది. మీ పాత టైరు 33 దగ్గర సుమారు 570 కిలోలు మోసేది. కొత్త టైరు అదే 33 దగ్గర సుమారు 520 మాత్రమే మోస్తుంది. ఒక్కో చక్రానికి 50 కిలోల లోటు. 29 దగ్గర ఇంకా తక్కువ. మళ్లీ ఆ 570 రావాలంటే 37 పెట్టాలి. నిండు లోడుకు స్టిక్కర్ చెప్పే 36కు సమానం కావాలంటే 40 దాటుతుంది, 41 అనుకోండి.

మీ టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టిక దొరికితే దాన్నే నమ్మండి. నా లెక్క దానికి దగ్గరగానే వస్తుంది.

రెండోకారు
నేను 17 అంగుళాలకు వెళ్లాను, 225/45 ఆర్17. మొదటి సెట్టు 91, మామూలు టైర్లు. స్టిక్కర్ మీద ఉన్నదే పెట్టాను, రెండు అంచులు, మధ్య సమానంగా అరిగాయి. రెండో సెట్టు 94 ఎక్స్‌ఎల్. అదే గాలి పెడితే ఈసారి రెండు అంచులూ ముందుగా అరగడం మొదలైంది. టైరే నాసిరకం అనుకున్నాను. మాస్టారు చెప్పింది చదివాక తెలిసింది.

లెక్కలమాస్టారు
94 అంటే 670 కిలోలు. మీ స్టిక్కర్ కూడా 33 అయితే దానికి 34, 35 సరిపోతుంది. తేడా చిన్నదే, కానీ నెలల తరబడి నడిస్తే అంచుల మీద కనిపిస్తుంది.

దూరప్రయాణం
మ్యాక్స్ 50 గురించి ఒక మాట. అది టైరు తట్టుకునే హద్దు, మీ బండికి పెట్టమని చెప్పేది కాదు. ఆ తేడా తెలియక నేను ఒకసారి 48 పెట్టించాను. మైలేజీ బాగుంటుందని ఎవరో చెప్పారు. వాన పడ్డ రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి జారుతున్నట్టు అనిపించి గుండె ఆగినంత పనైంది. మధ్యలో ఉబ్బి ఉన్నందున రోడ్డును పట్టుకునే భాగం తగ్గిపోయింది. కొన్ని నెలల్లోనే మధ్య గీతలు అరిగి, అంచులు కొత్తవాటిలా మిగిలాయి. పిల్లల్ని ఎక్కించుకుని అలా తిరిగానని తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

గేజుమనిషి
ఎంత పెట్టాలో తేలింది. ఎప్పుడు కొలవాలో కూడా చూసుకోండి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. నడిచి వచ్చిన టైరులో నాలుగైదు పీఎస్ఐ పెరిగి కనిపించడం మామూలే. అది చూసి గాలి తీసేస్తే చల్లబడ్డాక తక్కువైపోతుంది. వాతావరణం పది డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి చలికాలం మొదట్లో తప్పకుండా చూడాలి. సొంత గేజు ఒకటి డిక్కీలో ఉంచుకోండి. పెట్రోల్ బంకులో రెండు మెషిన్లు ఒకే టైరుకు రెండు అంకెలు చూపించడం నేను చూశాను.

ఇంకోటి, ఈ సన్నగోడ టైర్లు గాలి తగ్గినా చూపుకు తెలియవు. పాత టైరైతే కింద ఉబ్బి కనిపించేది. వీటి గోడ గట్టిది, 28 ఉన్నా 37 ఉన్నా ఒకేలా నిలబడుతుంది. డ్యాష్‌బోర్డులో లైటుంది కదా అని ధీమాగా ఉండొద్దు, చాలా బండ్లలో గాలి 20 నుంచి 25 శాతం తగ్గాక గానీ అది వెలగదు. మీ బండి చక్రాల తిరుగుడును బట్టి పసిగట్టే రకమైతే, 37 పెట్టిన తర్వాత రీసెట్ చేయడం మరవకండి.

టైర్లపని
37తో మొదలుపెట్టాక సుద్దముక్కతో ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) మీద అడ్డంగా గీత గీయండి. చదునైన రోడ్డు మీద తిన్నగా కొంచెం దూరం పోయి దిగి చూడండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. కానీ మధ్యలో చెరిగినా ఒకటి కన్నా ఎక్కువ దించకండి, అంతకన్నా తగ్గితే మోసే బరువు సరిపోదు. వెనక ముగ్గురు కూర్చున్న రోజున వెనక టైర్ల గాలి మర్చిపోవద్దు.

కొత్తచక్రం
రెండు వారాలైంది. టైరు మార్చాను. రిమ్ము లోపలి వైపు నిజంగానే వంగింది, సరిచేయించాను. 37 పెట్టి సుద్ద గీత చూశాను, దాదాపు సమానంగా చెరిగింది. స్టీరింగ్ తేలికైంది, మలుపుల్లో బండి చెప్పిన మాట వింటోంది. కానీ అమ్మకు మాత్రం 33 కన్నా ఇంకా గట్టిగా ఉంది. గాలి దించే ఆలోచన ఇక లేదు. 17 అంగుళాలకు దిగితే ఏమైనా తేడా తెలుస్తుందా?

రెండోకారు
తెలుస్తుందండీ. 225/45 ఆర్17 గోడ 101 మిల్లీమీటర్లు, మీ ఇప్పటి దానికన్నా 11 ఎక్కువ. 91 మామూలు టైరు దొరికితే స్టిక్కర్ మీదున్న 33కే తిరిగి రావచ్చు. మా నాన్న వెనక కూర్చుని నిద్రపోతారు.

టైర్లపని
అమ్మగారి నడుముకు నేనైతే 16కే వెళ్లమంటాను అన్నా. పాత చక్రాలు అమ్మేయలేదు కదా?

కొత్తచక్రం
లేదు, ఇంట్లోనే ఉన్నాయి. ఆదివారం పాతవి బిగించి, 33 పెట్టి, అమ్మను ఒక చుట్టు తిప్పి అడుగుతాను.