ఇంటి నుంచి ఉద్యోగం: పని మీద ఆసక్తి నిలుపుకోవడం ఎలా?

2020లో లాక్‌డౌన్ సడలించాక మాదాపూర్‌లోని అద్దె గది ఖాళీ చేసి తెనాలి వచ్చేసిన నేను, అప్పటి నుంచి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా బృందంలో ఎక్కువమంది న్యూయార్క్‌లో ఉండటం వల్ల, వాళ్ల ఉదయం 9 గంటల సమావేశం నాకు వేసవిలో సాయంత్రం 6.30కి, చలికాలం కోసం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పాక 7.30కి మొదలవుతుంది.

కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది, నెట్‌తోనూ ఇబ్బంది లేదు, కష్టమల్లా మనసుతోనే. అమ్మ పాత కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నా, రాత్రి వరకు అడిగేవారుండరు కదా అని మధ్యాహ్నమంతా పని వాయిదా వేస్తాను. ఆపైన "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వచ్చింది చూడు" అన్న పిలుపు వస్తుంది. (అమ్మను తప్పుపట్టలేను, ఆమెకు కనిపించేది ఊరికే కూర్చున్న కొడుకే.)

టైమ్‌టేబుల్ రాసుకుంటే వారం కూడా నిలవలేదు. ఏళ్ల తరబడి ఇలా పనిచేస్తున్నవారు పగటి వేళను ఎలా విభజించుకుంటున్నారు? చిన్న ఊళ్లో విడిగా ఒక గది అద్దెకు తీసుకోవడం వల్ల ఎవరికైనా నిజంగా మేలు జరిగిందా? ఇంట్లోవాళ్లకు పనివేళల గురించి నొప్పించకుండా ఎలా చెప్పారో కూడా దయచేసి తెలియజేయగలరు.