సిరాక్యూస్ గ్రీకు రంగశాలలో ఇంకా నాటకాలు ఆడాలా?

ఉప్పుగాలి: జూన్‌లో ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్ళాం. కెటానియా నుంచి పొద్దున్నే బయల్దేరి సిరాక్యూస్‌లో దిగితే, ఫొటోల్లో చూసి ఆశపడ్డ రాతి మెట్లన్నీ చెక్క పలకల కింద ఉన్నాయి. నాటకాల సీజనట. కొండను తొలిచి చేసిన 2,200 ఏళ్ళ నాటి మెట్లు చూద్దామని టికెట్ కొంటే పలకలు చూసి వచ్చాం. అసలే మెత్తటి సున్నపురాయి, ఏటా అంతమంది బరువు పడితే అరగదా? నాటకాలు వేరేచోట పెట్టుకోవాలి.

బండరాయి: మొదటిసారి నాకూ అదే చిరాకు వేసిందండీ. కానీ ఆ రంగశాల పాడైంది ఎవరూ నాటకాలు ఆడని కాలంలోనే. 16వ శతాబ్దంలో స్పెయిన్ పాలకులు పై వరసల రాళ్ళు, వేదిక రాళ్ళు పీకించి సిరాక్యూస్ పాత ఊరు ఉన్న ఓర్తీజియా ద్వీపానికి కోటగోడలు కట్టుకున్నారు. ఆ మెట్ల మీద నీటి మరలు పెట్టి పిండి కూడా ఆడించారు, మరలవాళ్ళ ఇల్లు ఇప్పటికీ పైన ఉంది.

అదే ఊళ్ళో గ్రీకు దేవత ఎథీనా గుడి చూడండి. క్రీ.పూ. 5వ శతాబ్దంది. తర్వాత స్తంభాల మధ్య ఖాళీలు గోడతో పూడ్చి చర్చి చేసుకున్నారు, ఇవాళ్టికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. పక్క సందులో గోడ మీద చెయ్యి పెడితే అందులోంచి ఉబ్బుకొచ్చిన డోరిక్ (పాత గ్రీకు శైలి) స్తంభం గాడులు వేళ్ళకు తగులుతాయి. 1693 భూకంపంలో ముందుభాగం కూలినా అవి నిలబడ్డాయి. జనం రోజూ వచ్చే చోటు కాబట్టే కదా ఎవరూ ఆ రాళ్ళు పీక్కుపోలేదు!

రంగశాలలో 1914లో ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రాసిన ‘అగమెమ్నాన్’తో మళ్ళీ నాటకాలు మొదలయ్యాయి. మేం వెళ్ళినప్పుడు పొద్దు వాలుతుండగా కోరస్ అందుకుంది, ఇటాలియన్ ఒక్క ముక్క రాని మా అమ్మ ఆఖరిదాకా సీట్లోంచి లేవలేదు, చున్నీ అంచు పిడికిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

ఉప్పుగాలి: గుడి చూశాం, అద్భుతం, కాదనను. కానీ చర్చికి వచ్చినవాళ్ళు స్తంభాలెక్కి కూర్చోరు కదా. ఇక్కడ బరువంతా రాతి మీదే.

బండరాయి: ఆ తేడా నిజమే, చెప్పులు నేరుగా రాతికి తగలకూడదనే ఆ పలకలు. సీజన్ తగ్గించమనండి, ఒక పక్క వరసలు కప్పకుండా చూడ్డానికొచ్చేవాళ్ళకి వదలమనండి, నేనూ మీతో గొంతు కలుపుతా. మొత్తం ఆపేయమంటే మాత్రం ఒప్పుకోను.

ఉప్పుగాలి: ఒక పక్క వదిలినా నాకు చాలు. ఈసారి చలికాలంలో వెళ్ళి రాయి చూస్తాను, ఆ మరలవాళ్ళ ఇల్లు కూడా.