స్వీడన్‌లో వేసవి సెలవులు: ప్రకృతికి చెరుపు చేయకుండా యాడికి పోవచ్చు?

తుమ్మలపెంట అమ్మ:
అందరికీ నమస్తే. మాది కావలి. మా అమ్మాయి, అల్లుడు నాలుగేళ్ళ నించి స్టాక్‌హోమ్‌లో ఉండారు, ఇప్పుడు మనవరాలు పుట్టింది, జూన్ మూడో వారంలో నేనూ మా వారూ పోతుండాం. ఆరు వారాలు ఉంటాం. టికెట్లు అయిపోయినయ్, వీసా కూడా వచ్చేసింది.

విషయం ఏందంటే, అల్లుడు పాపం మా కోసమని తొమ్మిది రోజుల టూర్ ప్లాన్ చేసి పంపించాడు. లోపల్లోపలే రెండు ఫ్లైట్లు, తర్వాత కారు అద్దెకి తీసుకుని రోజుకొక ఊరు, చివర్లో ఒక రాత్రి పెద్ద ఓడలో హెల్సింకి పోయి రావడం. మా వారు అది చూసి రెండు రోజులు ఏం మాట్లాడలా. ఆయన 31 ఏళ్ళు సైన్సు మాస్టారు, ఎండాకాలం సెలవులొస్తే పిల్లకాయల్ని తీసుకుని తుమ్మలపెంట బీచికి పోయి ప్లాస్టిక్, తెగిపోయిన వలలు ఏరించేవారు, ఒకసారి వల మెడకి చుట్టుకుని చచ్చిపోయిన తాబేలుని చూసి ఇంటికొచ్చి అన్నం కూడా తినలా. ఇప్పుడు ఆయన అంటుండేది ఒకటే, మనం పోయేది మనవరాలిని చూడ్డానికి, దాంతో పాటు దేశం కూడా చూడాలంటే రైల్లోనో పడవలోనో పోదాం, మళ్ళీ విమానాలెందుకు అని.

మాకు కావాల్సింది నీళ్ళు, చెట్లు, పక్షులు, కాస్త నెమ్మదిగా నడిచే దోవ. నా మోకాళ్ళు రోజుకి మూడు నాలుగు కిలోమీటర్లకి మించి ఒప్పుకోవు. మేం శాకాహారం. అక్కడ ఉండే మన వాళ్ళు ఎవరైనా యాడికి పోవచ్చో చెప్పండి, అల్లుడు నొచ్చుకోకుండా ఆయనకి చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఒంగోలు గిత్త:
అమ్మా నమస్తే, నేను ఒంగోలు, ఎనిమిదేళ్ళుగా లిన్‌షోపింగ్‌లో ఉంటున్నా. మాస్టారి ఆలోచన చాలా మంచిది, పైగా ఈ దేశంలో అట్టా తిరగడమే తేలిక. ఇక్కడ కరెంటు ఎక్కువ భాగం జల విద్యుత్తు, అణు విద్యుత్తు, గాలిమరల నించి వస్తుంది, మెయిన్ లైన్ రైళ్ళన్నీ ఆ కరెంటు మీదే నడుస్తయ్ కాబట్టి రైలు ఎక్కితే పొగ దాదాపు లేనట్టే.

నేను చెప్పేది గోటా కెనాల్. స్టాక్‌హోమ్ నించి మా ఊరికి రైల్లో రెండు గంటల లోపే. 1810లో తవ్వడం మొదలుపెట్టి 1832లో పూర్తి చేశారు, మొత్తం 190 కిలోమీటర్లు, అందులో 87 కిలోమీటర్లు మనుషులు పారలతో తవ్విందే, మిగతాది చెరువులు కలుపుకుంటా పోయారు. 58 లాకులున్నయ్. మా ఊరి పక్కన బెర్గ్ అనే చోట ఏడు లాకులు మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి ఉంటయ్, గట్టున కూర్చుంటే పడవ ఒక్కో మెట్టూ ఎక్కతా పైకి రావడం కనపడతది, మా నాన్న అక్కడే మూడు గంటలు కూర్చున్నాడు, లెమ్మన్నా లేవలా. మా తాత చిన్నప్పుడు మన బకింగ్‌హామ్ కాలవలో ఉప్పు, వడ్లు వేసుకుని పడవలు మద్రాసు పోయేవంట, ఇప్పుడు ఆ కాలవ చాలా చోట్ల పూడిపోయి తుమ్మచెట్లు మొలిచినయ్, ఇక్కడ దాదాపు 200 ఏళ్ళ కాలవ ఇంకా లాకులు తెరుస్తా మూస్తా ఉండారే అని నాన్న ఒకటే బాధపడ్డాడు. నాక్కూడా అది మనసులో ఉండిపోయింది.

కాలవ గట్టు మీద ఒకప్పుడు ఎద్దులు తాడు కట్టి పడవల్ని లాక్కుపోయేవి, అందుకని ఆ దోవ ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా ఉంటది. మీ మోకాళ్ళకి అంతకంటే మంచి దోవ దొరకదు. సైకిళ్ళు అద్దెకిస్తారు, మాస్టారు సైకిల్ తొక్కేవారైతే సరే, లేకపోతే నడవండి చాలు. రోజుకి ఒక లాకు నించి ఇంకో లాకు దాకా అనుకోండి.

ఇంకో మాట, మీరు వచ్చే వారంలోనే మిడ్‌సమ్మర్ పండగ పడతది, జూన్ 19 నించి 25 లోపల వచ్చే శుక్రవారం. ఆ రోజు షాపులు తొందరగా మూసేస్తారు, రైళ్ళు కూడా కిటకిట. ఆ రెండు మూడు రోజులు ప్రయాణం పెట్టుకోబాకండి, ఇంటి దగ్గరే ఉండి పార్కులో స్తంభం చుట్టూ జనం ఆడేది చూడండి, మన సంక్రాంతికి ఊరంతా బయటికొచ్చినట్టు ఉంటది.

గూడూరు మైకా:
ఆంటీ, స్టాక్‌హోమ్‌లోనే ఉంటారు కాబట్టి ముందు ద్వీపాలు చూడండి. సిటీ నించి సముద్రంలోకి దాదాపు 30,000 ద్వీపాలు, రాతిగుట్టలు అన్నీ కలిపి, చాలావాటికి రెగ్యులర్ పడవలు తిరుగుతయ్, మన ఆర్టీసీ బస్సు మాదిరే అనుకోండి.

నా మాట వింటే ఊటో అనే ద్వీపానికి పొండి. ఎందుకు చెప్తున్నానంటే మా తాత గూడూరు కాడ మైకా గనుల్లో పనిచేశాడు, రాళ్ళంటే మా ఇంట్లో అందరికీ ఒక ఇష్టం. ఊటోలో మధ్యయుగాల నించి ఇనప గనులు నడిచినయ్, 1879లో మూసేశారు, ఇప్పుడు గోతులన్నిట్లో నీళ్ళు నిండి చుట్టూ చెట్లు పెరిగినయ్. 1817లో అక్కడి పెటలైట్ అనే రాయిని పరీక్ష చేస్తా ఉంటేనే లిథియం అనే మూలకం మొదటిసారి బయటపడింది, ఇప్పుడు మన సెల్‌ఫోన్ బ్యాటరీల్లో, ఎలక్ట్రిక్ బస్సుల్లో ఉండేది అదే. సైన్సు మాస్టారికి ఇది చెప్పండి, తప్పకుండా పోదామంటారు. పడవ దిగినాక సైకిల్ అద్దెకి దొరుకుతుంది, గనుల దాకా నడక కొంచెమే.

పక్షుల సంగతి అడిగారు కదా. తెల్లతోక సముద్రపు గద్ద అని పెద్దది ఉంటుంది, 1970ల నాటికి డీడీటీ, పీసీబీ విషాల వల్ల గుడ్లు పొదగక దాదాపు లేకుండా పోయే స్థితికి వచ్చింది, అవి నిషేధించి, చలికాలంలో విషం లేని మాంసం వేసి కాపాడితే మళ్ళీ పెరిగినయ్. నేను పోయిన ప్రతిసారీ కనీసం ఒకటి కనిపించింది. కొన్ని చిన్న ద్వీపాల మీద పక్షులు గుడ్లు పెట్టే కాలంలో కాలు పెట్టకూడదని బోర్డులుంటయ్, అట్టాంటి చోట ఎవరూ దిగరు. మన నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టే చెట్ల కాడ జనం కేకలేస్తా ఫోటోలు తీయడం చూసినోణ్ణి, ఇక్కడ ఒక బోర్డుకి ఇంత మర్యాద ఇవ్వడం చూసి నాకు ముచ్చటేసింది.

ఒక జాగ్రత్త. ఇక్కడ గడ్డిలో ఫెస్టింగ్ అనే గోమారి లాంటి చిన్న పురుగు ఉంటుంది, కుడితే జబ్బులొస్తయ్. పొడుగు ప్యాంటు, సాక్సులు వేసుకుని నడవాలి, సాయంత్రం ఇంటికి రాగానే ఒళ్ళంతా చూసుకోవాలి. దానివల్ల వచ్చే టీబీఈ అనే మెదడు జబ్బుకి టీకా ఉంది, బయల్దేరే ముందు డాక్టర్ని అడగండి. ఆంటీ, మీరు చీర కట్టుకుంటే గడ్డిలో దిగబాకండి, దోవ మీదే నడవండి.

కనిగిరి చెలమ:
మా అత్తామామల్ని తీసుకుని గోట్‌లాండ్ అనే ద్వీపానికి పోయొచ్చాం, రెండేళ్ళయింది. స్టాక్‌హోమ్‌కి దక్షిణాన నీనెస్‌హామ్న్ దాకా లోకల్ రైలు, అక్కడ ఫెర్రీ ఎక్కితే మూడు గంటల పైన పడుతుంది. వీస్‌బీ అనే పాత ఊరు, చుట్టూ రాతి కోటగోడ, 1995 నించి యునెస్కో జాబితాలో ఉంది. అక్కడ కారు అక్కర్లేదు, బస్సుంది, సైకిల్ దోవలున్నయ్. ఉత్తరాన ఫోరో అనే చిన్న ద్వీపం ఒడ్డున సున్నపురాతి స్తంభాలు మనిషికి నాలుగింతలు ఎత్తున నిలబడి ఉంటయ్, సముద్రం వాటి చుట్టూ ఉండే మెత్తటి రాయిని కోసేయగా మిగిలినయ్ అవి.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలనుకుంటున్నా. గోట్‌లాండ్‌లో ఎండాకాలం నీళ్ళ కరువు. నేల అంతా సున్నపురాయి, పైన మట్టి పల్చన, వాన నీళ్ళు నిలవవు, టూరిస్టులు ఎక్కువొచ్చే నెలల్లోనే భూగర్భ జలం అడుగంటుతుంది, పైపుతో తోటలకి నీళ్ళు పెట్టకూడదని నిషేధం పెడతారు. నేను కనిగిరిలో పెరిగినదాన్ని, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మా పెదనాన్న వీపు వంగిపోయింది, మంచినీళ్ళ బిందె కోసం ఎంతసేపు నిలబడాలో నాకు తెలుసు. అట్టాంటి చోటికి పోయి అరగంట షవర్ కింద నిలబడ్డం నా వల్ల కాలేదు, మా మామయ్య గారు బకెట్టు అడిగి తీసుకున్నారు, హాస్టల్ అమ్మాయి సంతోషపడింది. మీరు పోతే జూన్ ఆఖర్లో పొండి, జులైలో జనం మరీ ఎక్కువ.

తిండి గురించి: హోటలు కాకుండా వాండ్రర్‌హెమ్ అనే హాస్టళ్ళలో దిగండి, కిచెన్ ఉంటుంది, అన్నం పప్పు వండుకోవచ్చు. దుప్పట్లు మనవే పట్టుకుపోతే డబ్బులు మిగులుతయ్. కుళాయి నీళ్ళు ఎక్కడైనా తాగొచ్చు, సీసాలు కొనబాకండి, ఒకవేళ కొన్నా ఖాళీ సీసా సూపర్‌మార్కెట్‌లో మిషన్లో వేస్తే డిపాజిట్ వెనక్కిస్తారు, దాన్ని పాంట్ అంటారు. అక్కడి నించి కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి తెచ్చుకోండి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నించి పాలతో, మాంసంతో చేసినయ్ యూరప్‌లోకి రానివ్వరు. మలైకాజా కూడా ఇంటి కాడే పెట్టేసి రండి, లోపల కోవా ఉంటుంది కదా.

పెన్నా ఒడ్డు:
నేను నెల్లూరులోనే ఉంటా, స్వీడన్ చూడలేదు, కానీ ఒక మాట అడగాలనిపించింది, తప్పుగా అనుకోబాకండి. చెన్నై నించి అక్కడికి ఏడు వేల కిలోమీటర్ల పైచిలుకు, పోను రాను దానికి రెట్టింపు. ఆ విమానం పొగ ముందు లోపల తిరిగే చిన్న ఫ్లైట్ ఎంత, కారు ఎంత? అసలు లెక్క ఆ పెద్ద ప్రయాణం దగ్గరే ఉంది కదా. నేను పర్యావరణం మీద నిజంగానే బెంగతో అడుగుతున్నా.

తుమ్మలపెంట అమ్మ:
మీరు అడిగింది న్యాయమే, ఇదే మాట మా వారు నాతో అన్నారు. మాకు ఒక్కతే కూతురు, సిజేరియన్ అయింది, నేను పోకుండా ఉండలేను. అందుకే ఆయన ఒకటి అనుకున్నారు, ఒక్కసారి పోతే ఎక్కువ రోజులు ఉండాలి, ఏటా పోకూడదు, పోయిన తర్వాత ఇంకా కలపకూడదు. పదిహేను రోజులు అనుకున్నది ఆరు వారాలు చేసింది అందుకే. పెద్ద తప్పు ఒకటి చేశాం కదా అని చిన్నవి కూడా చేసేయొచ్చు అనుకుంటే ఎట్టా?

పెన్నా ఒడ్డు:
అర్థమైందమ్మా. ఎక్కువ రోజులు ఉండి తక్కువ తిరగడం, అది నాకు నచ్చింది. అమ్మాయి త్వరగా కోలుకోవాలి.

ఉమియో నించి:
నేను కందుకూరు, ఇక్కడ ఉమియోలో చదువుకుంటున్నా. అందరూ దక్షిణం చెప్పారు కాబట్టి నేను ఉత్తరం చెప్తా, కానీ ఆంటీకి ఏది వద్దో కూడా చెప్తా.

అబిస్కో అని పైన ఆర్కిటిక్ వలయం దాటినాక నేషనల్ పార్క్ ఉంది, 1909లో యూరప్‌లో మొట్టమొదట ఏర్పాటు చేసిన తొమ్మిది పార్కుల్లో ఒకటి. స్టాక్‌హోమ్ నించి రాత్రి రైలు ఎక్కితే మర్నాడు పార్కు గుమ్మంలో దిగొచ్చు, అబిస్కో టూరిస్ట్‌స్టేషన్ అని విడిగా స్టాప్ ఉంది, అంతకు ముందొచ్చే అబిస్కో ఓస్ట్రాలో దిగబాకండి. మే ఆఖరి నించి జులై మధ్య దాకా సూర్యుడు అస్తమించడు. మీ అల్లుడు ఫ్లైట్ వేసింది ఈ తట్టుకే అయ్యుంటుంది, ఈ రైలు ఉందని చెప్పండి. అయితే దోమలు, అబ్బా, మన వరి చేల దోమలు వీటి ముందు లెక్కలోకి రావు, పైగా 18 గంటల రైలు, చంటిబిడ్డతో మీ అమ్మాయి రావడం కష్టం. మాస్టారు ఒక్కరే అల్లుడితో పోయొస్తే బాగుంటుంది.

మీ అందరికీ కలిపి అయితే హోగా కుస్టెన్, అంటే ఎత్తు తీరం. స్టాక్‌హోమ్ నించి ఓర్న్‌షోల్డ్స్‌విక్ దాకా రైలు ఐదారు గంటలు. అక్కడ వింత ఏందంటే నేల పైకి లేస్తా ఉంది, ఏటా సుమారు 8 మిల్లీమీటర్లు. మంచుయుగంలో మైళ్ళ మందాన మంచు ఆ నేలని అణిచిపెట్టింది, మంచు కరిగినాక నేల నెమ్మదిగా లేస్తానే ఉంది, ఒకప్పటి సముద్రపు ఒడ్డు గుర్తు ఇప్పుడు 286 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. మన తట్టు సముద్రం ముందుకొచ్చి గట్లు కోసుకుపోతుంటే బాధపడే వాళ్ళం, సముద్రం వెనక్కి పోయే ఊళ్ళో నిలబడితే మనసు ఏదోలా అవుతుంది. అక్కడి జాలర్ల పల్లెల్లో పడవల పాకలు నీళ్ళకి దూరంగా మిగిలిపోయి ఉంటయ్.

ఇంకొకటి, ఇక్కడ అలెమాన్స్‌రెటెన్ అని అందరి హక్కు ఉంది, 1994 నించి రాజ్యాంగంలో కూడా రాశారు. ఎవరి అడివిలో అయినా నడవొచ్చు, బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకోవచ్చు, కాకపోతే ఇళ్ళకి దగ్గరగా పోకూడదు, పంట తొక్కకూడదు, ఏదీ పాడు చేయకూడదు. నేషనల్ పార్కుల్లో రూల్స్ ఇంకా గట్టిగా ఉంటయ్. జులై రెండో సగంలో బ్లూబెర్రీలు పండటం మొదలవుతుంది, మీరు అప్పటికి ఉంటారు, మనవరాలి పేరు చెప్పి ఒక డబ్బా కోసుకోండి.

తుమ్మలపెంట అమ్మ:
మీ అందరికీ ఎట్టా చెప్పాలో తెలియడం లా. రాత్రి ఇదంతా మా వారికి చదివి వినిపించా, లిథియం కాడ ఆగమని మళ్ళీ చదివించుకున్నారు. అల్లుడితో ఫోన్లో మాట్లాడాం, అతను కూడా నొచ్చుకోలా, రైళ్ళ సంగతి అతనికి సరిగ్గా తెలియదంట, ఫ్లైట్లు క్యాన్సిల్ చేస్తానన్నాడు. ముందు ఊటో, తర్వాత అమ్మాయి ఓపికని బట్టి గోటా కెనాల్ నాలుగు రోజులు, జులైలో మామా అల్లుళ్ళు ఇద్దరే అబిస్కో. గోట్‌లాండ్ ఈసారికి వద్దనుకున్నాం, నీళ్ళ సంగతి విన్నాక అక్కడికి ఇంకో ఇద్దరం ఎందుకనిపించింది.

గూడూరు అబ్బాయ్, ఒక్కటి చెప్పు నాయనా, ఆ పడవల్లోకి ఎక్కేటప్పుడు మెట్లు ఎక్కువుంటయ్యా, నా మోకాళ్ళతో ఎక్కగలనా?

గూడూరు మైకా:
ఎక్కగలరు ఆంటీ. పడవ ముక్కు జెట్టీకి ఆనించి పలక దించుతారు, దాని మీద నడిచి పోవడమే, పనివాళ్ళు చెయ్యి పట్టుకుంటారు, ఉయ్యాల బండికి కూడా చోటుంటుంది. చిన్న జెట్టీల కాడ మాత్రం ఎవరూ ఉండరు, ఒక స్తంభానికి రేకు పలక ఉంటుంది, దాన్ని పైకి తిప్పి పెడితే దూరం నించే చూసి పడవ మన కోసం వస్తుంది. ఎక్కేటప్పుడు మళ్ళీ కిందికి తిప్పేయాలి. ఆ పని మాస్టారికి ఇవ్వండి.