మూతబడ్డ బడిలో కుట్టుమిషన్లు పెట్టుకోవచ్చా?

కుట్టుపని అక్క, పరకాల వైపు

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర చిన్న ఊరు. ఇంట్లో జాకెట్లు కుడతాను, మా మహిళా సంఘాల లెక్కలు కూడా నేనే రాస్తాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా ఊరి ప్రాథమిక బడి మూతబడి మూడేళ్లయింది. చివరి ఏడాది ఇద్దరే పిల్లలు మిగిలారు, ఇద్దరూ అన్నదమ్ములు. వాళ్ల నాన్నకు హన్మకొండలో పని దొరికి మకాం మార్చాడు. అలా బడి మొత్తం ఒక్క ఆటోలో వెళ్లిపోయింది. సార్‌ను పక్క ఊరికి పంపారు. మిగతా పిల్లలంతా పొద్దున ఏడున్నరకే ప్రైవేటు స్కూల్ బస్సు ఎక్కుతారు.

రెండు గదులు, ముందు వరండా, పక్కన బోరింగు. నేను అయిదో తరగతి దాకా అందులోనే చదివాను. మొన్న కిటికీ రెక్క ఊడిపోయి ఉంటే లోపలికి తొంగి చూశా. బోర్డు మూలన తారీకు, దాని కింద ‘నమోదు 2, హాజరు 1’ అని సుద్దతో రాసింది అలాగే ఉంది. వరండాలో మేకలు పడుకుంటున్నాయి. రాత్రి ఎవరు కూర్చుంటారో పొద్దున సీసాలు చెప్తాయి.

అసలు సంగతి ఇది. పోయిన ఎండాకాలం సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మా సంఘాలకు వచ్చింది. తొమ్మిది మందిమి మా బావగారి కొట్టంలో, బర్రెల పక్కన మిషన్లు వేసుకుని కుట్టాం. ఒకరోజు గాలివాన వచ్చి, రేకుల సందులోంచి కారి, కత్తిరించి పెట్టిన నిక్కర్ల కట్టల మీద తుప్పు మరకలు పడ్డాయి. రెండు రోజులు ఉతుకుడు, ఆరేసుడు, ఇస్త్రీ. మా అత్త చూసి ‘మన బడి మేకలకు ఇచ్చి, పక్క ఊరి బడికి బట్టలు కుడుతున్నరా’ అంది. అందరం నవ్వాం. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

పగలు ఒక గదిలో మిషన్లు వేసుకుందామని, రెండో గది సాయంత్రం కానిస్టేబుల్, గ్రూప్-4 పరీక్షలకు చదివేవాళ్లకు ఇద్దామని నా ఆలోచన. మగపిల్లలు ఇప్పుడు గుడి అరుగు మీద వీధిలైటు కింద చదువుతున్నారు. ఆడపిల్లలకు అదీ లేదు. ఊరి పెద్దమనిషి ఒకాయనను అడిగితే ‘తాళం పగలగొట్టి వాడుకో, ఎవరడుగుతరు’ అన్నాడు. ఆ మాటకే నాకు టెన్షన్. పైకప్పు కూడా పెచ్చులు ఊడుతోంది. ఎవరిని అడగాలి? రిపేరుకు డబ్బు పెడితే దండగ అవుతుందా?


రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), హన్మకొండ

అమ్మా, అనుమతి సంగతి తర్వాత, ముందు ఆ స్లాబు కింద ఎవరినీ కూర్చోబెట్టకు.

రెండు గదులు, వరండా అంటున్నావు కాబట్టి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కాలం నాటిది అయి ఉంటుంది. 1987లో మొదలైన పథకం అది. ఎండకూ వానకూ తట్టుకునే రెండు గదులైనా ప్రతి ప్రాథమిక బడికీ ఉండాలని పెట్టారు. అలాంటివి సర్వీసులో చాలా చూశాను. గోడలు మొండివి. భయమంతా స్లాబుతోనే. పైన వేపాకు రాలి తూములు మూసుకుంటాయి, నీళ్లు నిలిచి లోపలికి దిగి చువ్వలకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే కింది కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. చాలామంది దాని మీద సిమెంటు పూసి సున్నం కొట్టేస్తారు. ఏడాది తిరగకుండా ఆ సిమెంటే నెత్తిన పడుతుంది.

ఒక పని చేయించు. హెల్మెట్ పెట్టుకున్న మేస్త్రీతో, పొడుగు కర్రకు చిన్న సుత్తి కట్టించి, స్లాబు కింది భాగాన్ని అడుగడుగుకూ తట్టించు. ఖంగుమంటే గట్టిది. పగిలిన కుండలా డొల్లగా మోగితే లోపల విడిపోయిందన్నమాట, అక్కడ సుద్దతో గుండ్రంగా గీయించు. గీతలు ఒక మూలకే ఉంటే బాగుచేయొచ్చు. డొల్లంతా చువ్వ వెనక దాకా గీకి, వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్ పెట్టాలి. చువ్వలు బాగా సన్నబడినా, గదంతా గుండ్రాలే కనబడినా ఆ గది మీద రూపాయి పెట్టకు.

మీది నల్లరేగడి అయితే గోడల్లో మెట్లు మెట్లుగా పగుళ్లు ఉండొచ్చు. పగులుకు అడ్డంగా చిన్న గాజుముక్క సిమెంటుతో అతికించి పక్కన తారీకు రాయి. వానాకాలం దాటాక గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే.

ఇంకొకటి, కరెంటు. ఆ వైరింగు రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ వేసింది. ఇస్త్రీ పెట్టె ఒక్కటే 1000 వాట్లు లాగుతుంది. మీటరు ఎవరి పేరు మీద ఉందో, బకాయి ఉందో లేదో చూడు. బడి కనెక్షన్ కేటగిరీ వేరు, కుట్టుపనికి వేరు. చివరికి మండల ఏఈ వచ్చి చూసి రాసివ్వాలి. నేను ఇక్కడ రాసింది కాగితం కింద చెల్లదు.


బడి పంతులమ్మ, ములుగు

చెల్లె, నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. తాళం మాత్రం ముట్టుకోకు. లోపల బీరువాలో అడ్మిషన్ రిజిస్టర్ ఉండొచ్చు. మీ ఊళ్లో పుట్టిన తేదీ రుజువు కావాల్సినవాళ్లకు ఇప్పటికీ అదే దిక్కు. రేపు అది కనబడకపోతే సలహా ఇచ్చిన పెద్దమనిషి పేరు ఎవరూ ఎత్తరు, నీ పేరే ఎత్తుతారు. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు వాళ్ల ఎదుటే తాళం తీయించి, రిజిస్టర్లు వాళ్లకు అప్పగించి సంతకం తీసుకో. చెదలు పట్టకముందే అయితే మంచిది.

రెండో మాట, నాకు ఇదే ముఖ్యం. పిల్లలు లేరు కదా అని బడి పని అయిపోయిందనుకోకు. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది విద్యాహక్కు చట్టం నిబంధన. నలుగురైదుగురు తల్లిదండ్రులు ‘మా పిల్లల్ని చేర్పిస్తాం’ అని రాసిస్తే మళ్లీ తెరిచిన బడులున్నాయి. అందుకని ‘బిల్డింగ్ మాకు ఇవ్వండి’ అని రాయొద్దు. ‘బడి తెరిచే దాకా వాడుకోనివ్వండి, తెరిస్తే నెలలో ఖాళీ చేస్తాం’ అని రాయండి. మధ్యలో గోడ కట్టొద్దు, బోర్డు పీకొద్దు.

ముందు మీ గ్రామ సమాఖ్య తీర్మానం, తర్వాత గ్రామసభ తీర్మానం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, ఆ రోజు పదిమంది ఆడవాళ్లు వెళ్లి కూర్చోండి. ఆ రెండూ జతచేసి ఎంఈవో ద్వారా డీఈవోకు (జిల్లా విద్యాధికారికి) దరఖాస్తు పెట్టండి, మండలంలో మహిళా సంఘాలను చూసే ఐకేపీ ఏపీఎంకు ఒక కాపీ. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.


నిరుద్యోగి నంబర్ లక్షా ఒకటి, జమ్మికుంట

అక్కా, చదివేవాడి వైపు నుంచి నాలుగు మాటలు. మా ఊళ్లో పాత పశువుల దవాఖానను చదువుకునే గది చేశారు. రంగులు, రిబ్బన్, ఫొటోలు అన్నీ అయ్యాయి. తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉంది. అతను తిరుపతి పోయాడు, పరీక్షకు ముందు వారం రోజులు మేం మెట్ల మీద చదివాం. కాబట్టి తాళంచెవులు మూడు చేయించు, ఒకటి కచ్చితంగా చదివే ఆడపిల్లల్లో ఒకరికి ఇవ్వు. లేకపోతే ఆ గది నెలకే పేకాట క్లబ్బు.

కుర్చీలు లేకపోయినా చాపల మీద కూర్చుంటాం. మంచి లైట్లు, ఫ్యాను, గడియ పడే బాత్రూము, అందులో నీళ్లు ఉండాలి. బాత్రూము లేకపోతే ఆడపిల్లలు మొదటి వారమే మానేస్తారు. నీ మిషన్లు పది నుంచి అయిదు అనుకో, మాకు తెల్లారి అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి పది చాలు. మంచి గది ఒక్కటే మిగిలినా సరిపోతుంది.

పేపర్లు, పుస్తకాల కోసం జిల్లా గ్రంథాలయ సంస్థను మొహమాటం లేకుండా అడుగు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని 1904లో పెట్టారు, నిజాం రోజుల్లో. అప్పుడు లేని మొహమాటం మనకెందుకు?

వరంగల్ పాత జైలును 2021లో కూల్చి ఆ జాగాను పెద్దాసుపత్రికి ఇచ్చారు. అంత పెద్దవాటిని సర్కారే చూసుకుంటుంది. రెండు గదుల బడి కోసం మాత్రం మనమే తిరగాలి.


కుట్టుపని అక్క, పరకాల వైపు

అందరికీ దండాలు. నిన్న ఎంఈవో ఆఫీసు నుంచి ఒక సార్ వచ్చి తాళం తీయించారు. రిజిస్టర్ ఉంది, అట్ట మాత్రమే చెదలు తిన్నది. నా పేరు వెతికి చూసుకున్నా. పుట్టిన తేదీ జూన్ అని ఉంది, మా అమ్మ మాత్రం నేను సంక్రాంతికి పుట్టానంటుంది.

ఏఈ సార్, మా మేస్త్రీతో స్లాబు తట్టించాను. మొదటి గది మొత్తం ఖంగుమంది, కిటికీ మీద రెండే గుండ్రాలు. రెండో గదిలో గీసి గీసి సుద్దముక్క అరిగిపోయింది, వరండా అంచు కూడా అంతే. దానికి అడ్డంగా ముళ్లకంప వేయించాం, మేకలకు కోపం వచ్చింది. కాబట్టి ఒక్క గదే, తమ్ముడు చెప్పిన టైముల ప్రకారం వంతులు వేసుకుంటాం. మంచి గదిలోనే బోర్డు ఉంది, దాన్ని ముట్టుకోం టీచరమ్మా. తీర్మానం మీరు చెప్పిన మాటలతోనే రాశాను.

కరెంటు బిల్లు ఒకటి బీరువా కింద దొరికింది. మీటరు ‘హెడ్‌మాస్టర్, ఎంపీపీఎస్’ పేరు మీద, అంటే మా మండల పరిషత్ ప్రాథమిక బడి పేరు మీదే ఉంది. బకాయి అంకె మీద బల్లి గుడ్డు పగిలి చదవరావట్లేదు. లైన్‌మన్ రేపు వస్తానన్నాడు, అడిగి చెప్తా.