పిల్లల ఇన్‌బాక్స్ పెద్దవాళ్లు చదవాలా, వద్దా?

ముక్కుసూటి:
మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ గేమ్‌లో ఒక "అమ్మాయి" పరిచయమైంది. కొన్నాళ్లు గేమ్ చాట్‌లోనే కబుర్లు. తర్వాత "ఇక్కడ మెసేజ్‌లు సరిగ్గా రావట్లేదు, వేరే యాప్‌లోకి రా" అంది. అక్కడ తనదంటూ ఒక ఫొటో పంపి, వీడిది అడిగింది. వీడు పంపిన కాసేపటికే వరస మారిపోయింది. డబ్బు పంపకపోతే నీ ఫ్రెండ్స్ లిస్టులో ఉన్న వాళ్లందరికీ ఈ ఫొటో పంపిస్తానని బెదిరింపు. మా వదిన అనుకోకుండా ఫోన్ చూడబట్టి బయటపడింది. అందుకే అంటున్నా, పద్దెనిమిదేళ్లు నిండేదాకా పాస్‌వర్డ్‌లు పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి, ఇన్‌బాక్స్ వాళ్లు చదవాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బడిపంతులు:
వంద శాతం కరెక్ట్. చదవాల్సిందే.

వైర్‌లెస్:
పాస్‌వర్డ్ మీకిచ్చిన ఖాతా మీకు చూపించడానికి. అసలు ఖాతా ఇంకోటి ఉంటుంది. పైగా స్నాప్‌చాట్‌లో చూసేసిన మెసేజ్ దానంతటదే పోతుంది. ఏం చదువుతారు?

ముక్కుసూటి:
రెండో ఖాతా ఉంటే అదీ పట్టుకోవాలి. దొంగ తాళం పగలగొడతాడని తలుపులు బార్లా తీసి పడుకుంటామా?

వానచినుకు:
మీ వదిన చూసేసరికే ఫొటో వెళ్లిపోయింది కదండీ. "వేరే యాప్‌లోకి రా" అన్నప్పుడే, "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నప్పుడే పిల్లాడికి అనుమానం రావాలి. ఆ అనుమానం ఎవరైనా నేర్పితేనే వస్తుంది. ఇంకోటి, ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీన్ అకౌంట్లు తెచ్చింది. అందులో పరిచయం లేనివాళ్ల మెసేజ్‌లు రాకుండా ముందే సెట్ చేసి ఉంటుంది. గత 7 రోజుల్లో పిల్లలు ఎవరెవరితో మాట్లాడారో అమ్మానాన్నలకు కనిపిస్తుంది, ఏం మాట్లాడారో మాత్రం కనిపించదు. అది చాలదా?

ముక్కుసూటి:
చాలదు. పేరు చూస్తే ఏం తెలుస్తుంది? ఆ బెదిరించినవాడు అమ్మాయి పేరే పెట్టుకున్నాడు.

లెక్కలసారు:
అసలు ఆ వయసులో ఖాతా ఎందుకో ఎవరూ అడగరేం? సోషల్ మీడియా ఖాతాకి 13 ఏళ్లు నిండాలన్న నిబంధన పిల్లల మనసు చూసి పెట్టింది కాదు. అమెరికాలో 1998లో కోపా అని ఒక చట్టం వచ్చింది. 13 లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. ఆ తలనొప్పి ఎందుకని సైట్లు 13 దాటినవాళ్లకే ఖాతా అన్నాయి. ఆస్ట్రేలియా చూడండి, 16 లోపు సోషల్ మీడియా ఖాతాలే వద్దంది. 2025 డిసెంబర్ 10 నుంచి అమలు. అమ్మానాన్న ఒప్పుకున్నా కుదరదు. కంపెనీ సరైన చర్యలు తీసుకోకపోతే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా.

వైర్‌లెస్:
సార్, అమల్లోకి వచ్చినప్పుడు ఆ నిషేధం వర్తించే సైట్ల జాబితాలో వాట్సాప్ లేదు, డిస్కార్డ్ అనే చాట్ యాప్ లేదు, రోబ్లాక్స్ అనే గేమ్ లేదు. ఈ అబ్బాయి కథ మొదలైంది గేమ్‌లో, ముగిసింది మెసేజింగ్ యాప్‌లో. ఆ చట్టం ఇతనికి ఎక్కడ అడ్డం పడుతుంది?

లెక్కలసారు:
జాబితా పెంచుకోవచ్చు. నేనడిగింది 13 ఎందుకు, 16 ఎందుకు కాదు అని. దానికి జవాబు రాలేదు.

ముక్కుసూటి:
సార్, వయసు సంగతి వేరే టాపిక్‌లో పెట్టండి. వానచినుకు గారూ, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీకు పిల్లలున్నారా? ఉంటే ఈ ప్రైవసీ కబుర్లు చెప్పరు.

వానచినుకు:
లేరు. కానీ నేనూ ఒకప్పుడు పిల్లనే. అప్పట్లో పెద్దాయన ఒకడు చెత్త మెసేజ్‌లు పెడుతుంటే భయపడి ఇంట్లో చెప్పాను. మొదటి ప్రశ్న, "నువ్వేం పెట్టావు ముందు?" రెండోది ప్రశ్న కూడా కాదు, ఫోన్ లాక్కున్నారు. వాడినెవరూ ఏమీ అనలేదు. తర్వాత ఇంకొకడు తగిలాడు. ఈసారి చెబుతానా? చెప్పలేదు. ఎన్నాళ్లు భరించానో ఇప్పటికీ మా ఇంట్లో తెలీదు. ఇది ప్రైవసీ కబురంటారా?

మధ్యలోవచ్చా:
అయ్యో.

ముక్కుసూటి:
బాధాకరమే. కానీ అది మీ ఇంట్లోవాళ్ల తప్పు. మెసేజ్‌లు చదవడం తప్పని ఎలా అవుతుంది?

వానచినుకు:
సరే. మీ అన్నయ్య కొడుకు దగ్గర ఇప్పుడు ఫోన్ ఉందా?

ముక్కుసూటి:
లేదు. ఎలా ఇస్తాం? అలాంటి ఫొటో పంపినందుకు ఆ మాత్రం శిక్ష ఉండాలి కదా.

వానచినుకు:
అదీ! ఇందాకటి నుంచి పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ అని కొట్టుకుంటున్నాం గానీ, గొడవ ఇక్కడుంది. మీ లెక్కలో వాడు నేరంలో సగం భాగస్వామి. నా లెక్కలో నేరం జరిగింది వాడి మీద. బెదిరించేవాడు పిల్లలతో ఏమంటాడో తెలుసా? "ఇంట్లో చెబితే నీ పనే అయిపోతుంది." మీరు ఆ మాట నిజం చేశారు.

ముక్కుసూటి:
నోటికొచ్చినట్టు మాట్లాడకండి. వాడు రాత్రిళ్లు నిద్రపోకపోతే పక్కన కూర్చున్నది మేం. నీ తప్పేం లేదు నాన్నా అంటే రేపు మళ్లీ పంపడని గ్యారంటీ ఇస్తారా?

బడిపంతులు:
ఇద్దరూ కాస్త తగ్గండి. నేను ఇందాక వంద శాతం అన్నాను, అన్నమాట వెనక్కి తీసుకోను. కానీ క్లాసులో చూస్తుంటాను, ఫోన్ పోతుందన్న భయంతోనే సగం మంది నోరు విప్పరు. ముఖ్యంగా మగపిల్లలు. డబ్బు కోసం బెదిరించేవాళ్ల చేతిలో ఎక్కువగా పడేది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది.

వైర్‌లెస్:
ముక్కుసూటి గారూ, ఫిర్యాదు ఇచ్చారా?

ముక్కుసూటి:
ఎక్కడిచ్చేది? అన్నయ్య కోపంలో ఖాతా, చాట్ అన్నీ తీసేశాడు. నలుగురికీ తెలిస్తే వాడి పరువేం కాను?

వైర్‌లెస్:
చాట్ తీసేయకుండా ఉండాల్సింది. అవతలివాడి యూజర్‌నేమ్, డబ్బు పంపమన్న ఖాతా నంబర్, బెదిరింపుల స్క్రీన్‌షాట్లు పోలీసులకు కావాలి. డబ్బు అడిగిన మెసేజ్ ఏదైనా వేరే చోట మిగిలి ఉందేమో చూడండి. డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఆ ఫొటోను ఎవరికీ, సలహా కోసమైనా సరే, ఫార్వర్డ్ చేయకండి. "టేక్ ఇట్ డౌన్" అని అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థ నడిపే ఉచిత సేవ ఉంది, ఎక్కడి నుంచైనా వాడుకోవచ్చు. పేరు చెప్పక్కర్లేదు, ఫొటో అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ ఫొటోకి ఒక డిజిటల్ వేలిముద్ర తయారై, అది మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన సైట్లలో, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ లాంటివాటిలో, అదే ఫొటో పెడితే పట్టుకుంటారు. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చూడలేని ఎన్‌క్రిప్టెడ్ చాట్లలో మాత్రం పనిచేయదు. కాకపోతే ఒరిజినల్ ఫొటో ఫోన్‌లో ఉండాలి.

ముక్కుసూటి:
ఉందో లేదో తెలీదు. ఫోన్ అన్నయ్య దగ్గరుంది, లాక్ పిల్లాడికే తెలుసు. వాడిని అడగాలి.

వానచినుకు:
అడిగేటప్పుడు "ఎందుకు పంపావు" అని మొదలుపెట్టకండి.

ముక్కుసూటి:
అది మీరు చెప్పక్కర్లేదు. లింక్ పెట్టండి వైర్‌లెస్ గారూ.