పై చదువులకు బయటికి వెళ్లే ముందు మెనింజైటిస్ టీకా: మీ అనుభవాలు చెప్పండి

ఫాల్_టెక్సాస్: ఆగస్టులో ఎంఎస్‌కి టెక్సాస్ వెళ్తున్నాను. వయసు 21. మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) టీకా కాగితం పెట్టేదాకా రిజిస్ట్రేషన్ ఆపేస్తామని యూనివర్సిటీ పోర్టల్‌లో ఉంది. నాతో వచ్చే ఫ్రెండ్‌ని మాత్రం అడగలేదు. ఇక్కడే వేయించుకోవాలా, అక్కడికి వెళ్లాకా? టెన్షన్‌గా ఉంది.

డాలస్_అక్క: మీ ఫ్రెండ్‌కి 22 నిండి ఉంటాయి. టెక్సాస్ చట్టం 22 ఏళ్ల లోపు వాళ్లకే. క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, వేయించుకుని ఐదేళ్లు దాటి ఉండకూడదు. ఫ్లైట్ దిగాక చూద్దాంలే అనుకోకు తమ్ముడూ, ఇన్సూరెన్స్ మొదలవకముందు ఇక్కడ వేయించుకుంటే ఖర్చు చాలా ఎక్కువ.

హనుమకొండ_అమ్మ: మా అమ్మాయికి హైదరాబాద్‌లో వేయించాం, ఐదు వేల దాకా అయింది. అన్నిచోట్లా స్టాక్ ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కో బాబూ. కంపెనీ ఏదైనా సరే, పెట్టె మీద ఏ, సీ, డబ్ల్యూ, వై అని ఈ బాక్టీరియా నాలుగు రకాలూ ఉండాలి.

చిన్నప్పటి కార్డులో మెదడువాపు టీకా ఉందిగా అని మా అత్తగారు అడిగారు. అది దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపుకి అని డాక్టరు గారు చెప్పారు. ఇది మనిషి నుంచి మనిషికి, దగ్గు, ఉమ్మి ద్వారా అంటుకునే బాక్టీరియాకి. అందుకే హాస్టళ్లలో భయం.

ఇంకొకటి. క్లినిక్ వాళ్లు మే 7ని 07/05 అని రాసిచ్చారు. యూనివర్సిటీ వాళ్లు జూలై 5 అని చదువుకుని, ఇంకా రాని తేదీ అంటూ తిప్పి పంపారు. నెల పేరు అక్షరాల్లో రాయించుకో. టీకా పేరు, బ్యాచ్ నంబరు, సంతకం, సీలు కూడా ఉండాలి.

లెస్టర్_తెలుగు: యూకే వచ్చేవాళ్లు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకుంటే, 25 ఏళ్లు నిండనివాళ్లకి ఇదే టీకా ఉచితం. డబ్ల్యూ రకం కేసులు పెరగడంతో 2015లో మొదలుపెట్టారు. కానీ బీ రకానికి ఇది పనిచేయదు. అందుకే టీకా వేయించుకున్నా లక్షణాలు తెలిసి ఉండాలి. మా హాస్టల్‌లో ఒకబ్బాయి మామూలు జ్వరమేనని తలుపేసుకుని పడుకున్నాడు. సాయంత్రానికి మెడ వంచలేకపోయాడు, లైటు చూడలేకపోయాడు, మాట తడబడింది. పక్క గది వాళ్లు అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చేశారు కాబట్టి బతికాడు. గాజు గ్లాసుతో అదిమినా మాయం కాని మచ్చలు వస్తే ఇక ఆలోచించొద్దు, వెంటనే ఫోన్ చేయండి. మన చామనఛాయ ఒంటి మీద అవి సరిగా కనబడవు. అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడండి. మచ్చలు రావాలని ఎదురుచూడొద్దు, చాలామందికి అవి ఆలస్యంగా వస్తాయి, కొందరికి అసలు రావు.

చార్మినార్_వాసి: హజ్‌కి వెళ్లేవాళ్లకీ ఇది తప్పనిసరి. మా నాన్నగారు వేయించుకున్నారు. ఒక రోజు చెయ్యి నొప్పి, అంతే.

ఫాల్_టెక్సాస్: థాంక్యూ అక్కా, ఆంటీ. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండో డోసు కూడా ఉంది, రెండూ ఒకే రోజు వేస్తారా?

హనుమకొండ_అమ్మ: వేస్తారు బాబూ. మా అమ్మాయికి చెరో చేతికి వేశారు. రెండూ ఒకే సర్టిఫికెట్ మీద రాయించుకో.